ఆవిడ కళ్లు మూసుకున్నారు

ప్రశ్న: మా అత్తగారు జారిపడి తుంటి ఎముక విరిగినప్పటి నుండి, ఎనిమిది నెలలుగా మంచానికే పరిమితమయ్యారు. మావారు సంఘపెద్ద, సాయంత్రమైతే గృహకూటములకు వెళ్లిపోతారు. మరిది ఫోనులో పరామర్శించి ఊరుకుంటారు. నాకు తొలికాన్పులో ఆడపిల్ల పుట్టిందని ఈవిడ మూడు నెలల దాకా బిడ్డను చూడడానికి రాలేదు. మొన్న జావ నా చీర మీద ఉమ్మితే గ్లాసు విసురుగా కింద పెట్టాను. ఆవిడ భయపడి కళ్లు మూసుకున్నారు. అప్పటి నుండి ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే సంస్కారంలో) చేయి వేయడానికి నాకు ధైర్యం చాలడం లేదు. ప్రేమ లేకుండా చేసే సేవ వేషధారణ కాదా?
— ఒక సహోదరి, గుంటూరు జిల్లా

సహోదరీ, ఆవిడ కళ్లు మూసుకున్నారన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రేమ పూర్తిగా ఎండిపోయిన మనిషికి ఎదుటివారి ముఖంలోని భయం కనబడదు; కనబడినా ఇన్ని రోజులు ముల్లులా గుచ్చుకోదు. నలుగురూ చూడాలని చేసేది వేషధారణ. తలుపు వేసిన గదిలో పక్కబట్టలు మార్చి, వీపు తుడిచి, పొడిగుడ్డ పరిచే మీ సేవను చూసేవారెవరు?

బైబిలులో ప్రేమను గూర్చిన మొదటి కొరింథీ పత్రిక 13వ అధ్యాయం మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, శుభలేఖల మీద కనబడుతుంది గనుక, అది మనసులు నిండుగా ఉన్నవారికి వ్రాసినదని అనుకుంటాము. కాని పౌలు దానిని వ్రాసింది ఒకరి మీద ఒకరు న్యాయస్థానానికి ఎక్కిన విశ్వాసులకు, ప్రభువు భోజనానికి కూడివచ్చి ఒకరు ఆకలితో ఉండగా మరొకరు మత్తులయ్యే సంఘానికి. అందుకే అక్కడ ప్రేమ ఎలా అనిపిస్తుందో ఆయన చెప్పలేదు. సహించడం, దయ చూపడం, అమర్యాదగా నడవకపోవడం అంటూ అది ఏమి చేస్తుందో, ఏమి చేయదో చెప్పాడు. విసుగుతోనే లేచి వెళ్లి దుప్పటి మార్చిన రాత్రి కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఆ అధ్యాయంలోనే "అపకారమును మనస్సులో ఉంచుకొనదు" అన్న మాట ఉంది. మూలభాషలో అక్కడ వాడిన క్రియ పద్దులు లెక్కకట్టడానికి వాడేది. మీ దగ్గర ఒక పాత పద్దు ఉంది: మూడు నెలలు, ఒక పసిబిడ్డ, రాని నాయనమ్మ. దానిని కొట్టివేయడానికి ముందు బాకీ ఎంతో ఒప్పుకోవాలి. అది చిన్న విషయమని మీకు మీరు సర్దిచెప్పుకోవద్దు. ప్రార్థనలో దానిని ఉన్నది ఉన్నట్టుగా, ఏడుపు వస్తే ఏడుస్తూ, దేవునికి చెప్పండి. మంచంలో ఉన్న మనిషి నుండి ఇప్పుడు క్షమాపణ రాబట్టాలని మాత్రం చూడవద్దు. ఒక్కరోజులో తేలే పని కాదు గనుక, ఆ పద్దు మళ్లీ గుర్తుకు వచ్చినప్పుడల్లా మళ్లీ కొట్టివేయవలసి ఉంటుంది.

ఇక మీవారి సంగతి. దేవునికి అర్పితమైనదని చెప్పి తల్లిదండ్రులకు చేయవలసినది ఎగవేసేవారిని యేసు మార్కు సువార్త 7వ అధ్యాయంలో గట్టిగా గద్దించాడు. మీవారిని కూటములు మానమని నేను అనడం లేదు. అయితే కన్నతల్లి మంచం కూడా ఆయన పరిచర్యలో భాగమే. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం కూడా ఈ బాధ్యతను కన్నబిడ్డల మీద పెట్టింది. ప్రేమగల కోడలు నోరు విప్పకూడదన్న అలవాటు మన సంఘాల్లో ఎందరో స్త్రీలను లోలోపలే కుంగదీసింది, అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. "ప్రేమగలిగి సత్యము చెప్పుచు" అని ఎఫెసీ పత్రికలో ఉన్నది మీకూ వర్తిస్తుంది.

ఆయన బైబిలు చేతపట్టుకొని గడప దాటబోయేటప్పుడు కాకుండా, తీరికగా కూర్చున్నప్పుడు మాట్లాడండి. "మీరు పట్టించుకోరు" అనకుండా, కావలసినదేమిటో స్పష్టంగా అడగండి. కదలలేని మనిషికి పుండ్లు పడకుండా దాదాపు రెండు గంటలకొకసారి పక్క మార్చాలి. పగలంతా చేసినవారే రాత్రంతా ఆ పని చేయలేరు. కాబట్టి రాత్రి వంతు ఆయన తీసుకోవాలి, వారంలో రెండు సాయంత్రాలైనా తల్లి దగ్గర ఉండాలి. పగటిపూట ఆయాను పెట్టుకుంటే జీతంలో సగం ఇవ్వమని తమ్ముణ్ణి అడగవలసింది అన్నగా ఆయనే, మీరు కాదు.

బల్ల విషయానికి వస్తే, తన్ను తాను పరీక్షించుకొమ్మన్న పౌలు, ఆ తరువాత దూరంగా ఉండమనలేదు. ఆలాగుచేసి ఆ రొట్టెను తినమన్నాడు. మీరు పరీక్షించుకోవడం అయింది. రేపు జావ తాగించేటప్పుడు, "అత్తయ్యా, ఆ రోజు గ్లాసు విసురుగా పెట్టాను, తప్పయింది" అని చెప్పండి. ఆవిడ ఏమీ అనకపోయినా ఫరవాలేదు. తరువాత పాస్టరుగారిని ఇంటికి పిలవండి. గుడికి రాలేనివారికి సంస్కారం ఇంటికే తెచ్చి ఇవ్వడం మన సంఘాల్లో ఉన్నదే, ఎనిమిది నెలలుగా ఆవిడ కూడా దానికి దూరమయ్యారేమో. ఆ మంచం పక్కనే కూర్చొని, ఆవిడతో కలిసి మీరూ పుచ్చుకోండి. ఆ సాయంత్రం మీవారిని ఇంట్లోనే ఉండమనండి.