పాత భవనం ముందు గోడ ఒక్కటే ఉంచి వెనక కొత్తది ఎలా కడతారు? అది పరిరక్షణేనా?

పాత గోడను పట్టి ఉంచేవి లోపలి అంతస్తులు, అడ్డగోడలు. అందుకే అవి కూల్చకముందే గోడకు ఉక్కు ఫ్రేము బిగిస్తారు; గాలి తోపుకు ఒరగకుండా కాపాడేది అదే. పగుళ్ల మీద చిన్న గేజీలు అతికించి, మిల్లీమీటరు కదిలినా పసిగడతారు. పునాది పక్కనే సెల్లారు తవ్వేటప్పుడు అసలు టెన్షన్. కొత్త కట్టడం తన బరువుకు కొంత దిగుతుంది, పాత గోడ ఎప్పుడో దిగి కుదురుకుంది. కాబట్టి రెండింటినీ కలిపే యాంకర్లు గోడను పక్కకు ఒరగనివ్వకూడదు, పైకీ కిందికీ మాత్రం కాస్త కదలనివ్వాలి.

పరిరక్షణ అంటారా, నా మటుకు సగమే. కట్టడాన్ని దాని చరిత్ర నుంచి విడదీయలేమని పాత కట్టడాల పరిరక్షణకు అంతర్జాతీయ మార్గదర్శక పత్రమైన 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతుంది. పాత కిటికీ మధ్యలో కొత్త స్లాబు అడ్డంగా కనిపిస్తే ప్రాణం ఉసూరుమంటుంది. లోపలంతా కాలిపోయి గోడ ఒక్కటే మిగిలినచోట మాత్రం ఇదే మంచి దారి.