సర్వీసుకిచ్చిన కారు చెడిపోయి తిరిగి వస్తే

ప్రశ్న: మాది మిర్యాలగూడ, బియ్యం వ్యాపారం చేస్తాను. నా కారును నల్లగొండలోని కంపెనీ డీలరు సర్వీస్ సెంటరులో సర్వీసుకు ఇచ్చాను. ఇంజన్ ఆయిలు, ఫిల్టరు మార్చి రూ. 6,840 బిల్లు తీసుకున్నారు. మూడో రోజు మా అమ్మను ఆసుపత్రిలో చూపించడానికి హైదరాబాద్ తీసుకువెళుతుండగా, చిట్యాల దాటిన కాసేపటికి డాష్‌బోర్డు మీద ఆయిలు డబ్బా గుర్తు ఎర్రగా వెలిగింది. పక్కకు తీసి ఆపేలోపే ఇంజన్ టకటకమని కొట్టుకుని ఆగిపోయింది. వాళ్ళే బండి పంపి కారును లాక్కుపోయారు. ఇప్పుడేమో కింద రాయి తగిలి ఆయిలు చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) దెబ్బతిన్నదని, వారంటీ వర్తించదని చెప్పి రూ. 1,18,000 ఎస్టిమేటు చేతిలో పెట్టారు. రాయి తగిలిందని రాసి ఇన్సూరెన్సు క్లెయిము పెట్టుకోమని సలహా కూడా ఇస్తున్నారు. ఒప్పుకోకపోతే రోజుకు రూ. 300 పార్కింగు ఛార్జీ వేస్తామంటున్నారు. సర్వీసుకు ఇచ్చినప్పుడు రాసిచ్చే జాబ్ కార్డు వెనుక, వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల పరిధిలోనివేనని అచ్చు వేసి ఉంది. నేనేం చేయాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు ఆ క్లెయిము ఫారం మీద సంతకం పెట్టకండి. పైకి అది మీ మేలు కోరి చెప్పిన మాటలా కనిపిస్తుంది గానీ, రాయి తగిలిందని మీ చేతితో మీరే రాసి ఇచ్చిన తరువాత, సర్వీసులో లోపం వల్ల ఆయిలు కారిపోయిందని రేపు ఏ వినియోగదారుల కమిషన్ ముందు చెప్పినా ఎదుటి వకీలు మొదట తీసి చూపించేది ఆ కాగితాన్నే. పైగా రాయి తగలకపోతే అది బీమా కంపెనీకి ఇచ్చిన అబద్ధపు వాంగ్మూలం అవుతుంది. మామూలు మోటారు పాలసీ ప్రమాదం వల్ల కలిగిన నష్టాన్ని భరిస్తుంది తప్ప, ఆయిలు లేక ఇంజన్ పట్టేయడం వంటి యాంత్రిక వైఫల్యాన్ని భరించదు. క్లెయిము తిరస్కరణకు గురైతే రెండు వైపులా నష్టపోయేది మీరే.

ఇక రాయి దెబ్బా, సర్వీసులో లోపమా అన్నది తేల్చుకోవలసిన విషయం. అది మాటలతో తేలేది కాదు, బండి కిందికి వంగి చూస్తే తేలేది. ఆయిలు చాంబర్ అడుగున ఒక డ్రెయిన్ బోల్టు ఉంటుంది. దాని కింద ఉండే పలుచని వాషర్ బోల్టు బిగించినప్పుడు నలిగి సందును మూస్తుంది కనుక, ఆయిలు మార్చిన ప్రతిసారీ కొత్తది వేయాలి. చాలా కార్లలో చాంబర్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. అందువల్ల బిగింపును కొలిచి చూపే టార్క్ రెంచి పట్టకుండా చేతి బలం కొద్దీ తిప్పితే చాంబర్ లోపలి మర చిరిగిపోతుంది, సరిగా బిగించకపోతే ప్రయాణపు కుదుపులకు బోల్టు వదులవుతుంది. ఫిల్టరు దగ్గర జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కుని ఉండిపోగా చూసుకోకుండా దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే, రెండు రింగుల మధ్య నుంచి ఆయిలు చిమ్ముతుంది.

రాయి తగిలినట్లయితే చాంబర్ మీద సొట్టో పగులో, దాని చుట్టూ లోహం గీసుకుపోయిన తెల్లటి చారో కనిపించాలి. కింద ప్లాస్టిక్ కవరు ఉన్న బండి అయితే ఆ కవరు కూడా దెబ్బతిని ఉండాలి. బోల్టు దగ్గర లోపమైతే చాంబర్ చెక్కుచెదరకుండా ఉండి, ఆయిలు తడి బోల్టు అంచున మొదలై, పరుగులో గాలి వాటుకు వెనుకవైపు చారలు కట్టి ఉంటుంది. బోల్టు ఊడదీసినప్పుడు దాని మరల్లో అల్యూమినియం పొట్టు మెరుస్తూ కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం వెతుక్కోనక్కరలేదు.

కాబట్టి ఈ రోజే వర్క్స్ మేనేజరుకు, కంపెనీ కస్టమర్ కేర్ విభాగానికి కలిపి ఒక ఈమెయిలు పంపండి. మీరు ఎదురుగా లేకుండా ఇంజను విప్పకూడదని, చాంబరును కడగకూడదని, బోల్టు, వాషరు, ఫిల్టరు మూడింటినీ ఇరువురి సంతకాలతో కవరులో పెట్టి సీలు వేయాలని అందులో స్పష్టంగా రాయండి. రాయి తగిలిందని దేనిని బట్టి నిర్ధారించారో ఫోటోలతో సహా రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. నోటితో గట్టిగా చెప్పిన కారణాన్ని కాగితం మీద పెట్టమనేసరికి మెత్తబడే సర్వీస్ సెంటర్లను నేను చాలానే చూశాను. ఆ తరువాత మీ ఖర్చుతోనైనా సరే, వాహన నష్టాలు అంచనా వేసే లైసెన్సు గల సర్వేయరునో, ఆటోమొబైల్ ఇంజినీరునో తీసుకువెళ్ళి చూపించి నివేదిక రాయించుకోండి. మెకానిక్ నోటిమాటకు లేని బరువు ఆ నివేదికకు ఉంటుంది.

ఎర్ర దీపం వెలిగాక మీరు ఎంతసేపు నడిపారన్నది వాళ్ళు తప్పకుండా లేవనెత్తుతారు. ఆ దీపం ఆయిలు తగ్గిందని చెప్పే హెచ్చరిక కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పే గుర్తు. వెలిగిన వెంటనే ఇంజను ఆపాలని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంటుంది. మీరు వెంటనే ఆపానంటున్నారు కనుక, బండి ఆగిన చోట తీసిన ఫోటో, సహాయం కోసం మొదటి ఫోను చేసిన సమయం, లాక్కుపోయిన బండి రసీదు, ఈ మూడూ భద్రం చేసుకోండి. పది కిలోమీటర్లు నడిపి ఉంటే మాత్రం పరిహారంలో కోత పడే అవకాశం ఉందని దాపరికం లేకుండా చెప్పాలి.

చట్టం సంగతికి వద్దాం. సర్వీసుకని అప్పగించిన కారు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం వాళ్ళకు అప్పగింతగా ఇచ్చిన సొత్తు. మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త వాళ్ళు తీసుకోవాలని 151వ సెక్షన్ చెబుతోంది. జాబ్ కార్డు మీద వాహనం యజమాని పూచీ మీదే ఉంటుందని అచ్చు వేసినంత మాత్రాన ఈ బాధ్యత తీరిపోదు. ఢిల్లీలో ఒక పెద్ద హోటలు సిబ్బందికి తాళాలిచ్చిన కారు దొంగల పాలైన కేసులో, సుప్రీంకోర్టు 2019 నవంబరులో ఇచ్చిన తీర్పు ఇక్కడ పనికివస్తుంది. టోకెను మీద అలాంటి షరతు ఉన్నప్పటికీ తమ నిర్లక్ష్యం నుంచి హోటలు తప్పించుకోలేదని, తగిన జాగ్రత్త తీసుకున్నామని రుజువు చేసుకోవలసిన భారం మొదట వస్తువును అప్పగింతగా పుచ్చుకున్నవారిదేనని కోర్టు చెప్పింది.

హైదరాబాద్ కోర్టులు అన్న మాటకు భయపడకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించే చోటనో, తన జీవనోపాధి ఉన్న చోటనో ఫిర్యాదు చేయవచ్చు. మీకు నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. ఇప్పటి చట్టంలో జిల్లా కమిషన్ పరిధిని, ఫీజును లెక్కించేది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, సేవకు చెల్లించిన మొత్తాన్ని బట్టి. చెల్లించింది రూ. 5 లక్షల లోపు అయితే ఫీజే లేదు. సంఘటన జరిగిన నాటి నుంచి రెండేళ్ళలోపు ఫిర్యాదు వేయాలి. నోటీసు అందాక ఎదుటి పక్షం 30 రోజుల్లో, మరీ అయితే మరో 15 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే పొడిగించడానికి వీల్లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో తేల్చింది. కేసు మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుందనుకుని సిద్ధపడండి.

తయారీ కంపెనీని కూడా పార్టీగా చేర్చాలా అని చాలామంది అడుగుతారు. డీలరు సొంతంగా చేసిన తప్పుకు, కంపెనీకి తెలుసని రుజువు చేస్తే తప్ప, కంపెనీ బాధ్యత వహించనక్కరలేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కారు అమ్మకం కేసులో చెప్పింది. అయితే మీకు వారంటీ నిరాకరించారు. ఆ వారంటీ ఇచ్చింది కంపెనీ. అందువల్ల మీ కేసులో ఇద్దరినీ చేర్చడమే మంచిది.

పార్కింగు ఛార్జీ విషయం తేలికైనదే. చేసిన పనికి కూలి రావలసి ఉంటే వస్తువును ఆపుకునే హక్కు మరమ్మతు చేసినవారికి కాంట్రాక్టు చట్టంలోని 170వ సెక్షన్ ఇస్తోంది గానీ, మీరు ఇంకా ఒప్పుకోని మరమ్మతుకు ఆ హక్కు పుట్టదు. ఒకవేళ కారును బయటకు తెచ్చుకోవడానికి కట్టక తప్పకపోతే, అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నానని రసీదు నకలు మీద రాసి వాళ్ళ సంతకం తీసుకోండి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో లెక్చరరును. కారును సర్వీసుకిచ్చి, సాయంత్రం ఆలస్యమైందంటే రాత్రికి అక్కడే వదిలి వచ్చాను. రాత్రి 10.40కి షాద్‌నగర్ దగ్గరి రాయికల్ టోల్ ప్లాజాలో ఫాస్టాగ్ నుంచి డబ్బు పోయినట్లు నా ఫోనుకు సందేశం వచ్చింది. మరునాడు కారు తీసుకున్నాక చూస్తే ముందు బంపరు ఒక పక్క రంగు తేడాగా ఉంది. జాబ్ కార్డులో రాసిన దానికన్నా మీటరు మీద 111 కిలోమీటర్లు ఎక్కువ తిరిగింది. అడిగితే ట్రయల్ వేశామంటున్నారు. తరువాతి సర్వీసు ఉచితంగా చేస్తామని కూపను ఇస్తామంటున్నారు. పోలీసులకు చెప్పాలా?

జవాబు: ట్రయల్ కోసం షాద్‌నగర్ దాకా, అదీ రాత్రి పదిన్నర దాటాక వెళ్ళే మెకానిక్ ఉంటాడని నేనైతే అనుకోను. వాళ్ళు ఊహించని సాక్షి మీ దగ్గర ఉంది, అది ఆ ఫాస్టాగ్ సందేశం. ఫోను పోతే సందేశం పోతుంది కనుక, ఫాస్టాగ్ జారీ చేసిన బ్యాంకు నుంచి ఆ తేదీల లావాదేవీల పత్రం తీసుకోండి. దానితోపాటు మీ బండి నంబరు మీద ఆ రాత్రి ఏదైనా ఈ-చలానా పడిందేమో కూడా చూసుకోండి. వేగం మీద చలానా పడి ఉంటే బండి ఉన్న చోటు, సమయం, ఫోటో మీకు అడగకుండానే దొరుకుతాయి.

సీసీ కెమెరా దృశ్యాలు కొద్ది రోజుల్లో వాటంతటవే చెరిగిపోతాయి కనుక, ఆ రాత్రి గేటు దగ్గరి దృశ్యాలను, సెక్యూరిటీ వాళ్ళ రిజిస్టరు పేజీని భద్రపరచమని వెంటనే ఈమెయిలు పెట్టండి. ఇవ్వకపోయినా ఫరవాలేదు, అడిగినా దాచారన్నది కమిషన్ ముందు మీకే ఉపయోగపడుతుంది. బంపరు ప్లాస్టిక్‌ది కనుక రంగు మందం కొలిచే మామూలు పరికరం దాని మీద పనిచేయకపోవచ్చు. దానికన్నా బంపరు లోపలివైపు క్లిప్పులు, బిగింపులు, హెడ్‌లైటు అంచున పడిన రంగు తుంపర్లు చూపిస్తూ పగటి వెలుతురులో ఫోటోలు తీయడం మేలు. ఫోనులోని ఫోటోలు, సందేశాలు సాక్ష్యంగా నిలవాలంటే 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జత చేయాలి. మీ వకీలుకు ఇది కొత్త పని కాదు.

పోలీసులకు తప్పకుండా చెప్పండి. అయితే నేను చెప్పమంటున్నది బంపరు కోసం కాదు. ఆ రాత్రి మీ కారు దేనినో ఢీకొన్న మాట నిజమే అనిపిస్తోంది. ఢీకొన్నది గోడనో, డివైడరునో అయితే సరే. మనిషినో ద్విచక్ర వాహనాన్నో అయితే రేపు నంబరు పట్టుకుని పోలీసులు వచ్చేది మీ ఇంటికే. అప్పుడు బండి ఎవరు నడిపారో చెప్పవలసిన బాధ్యతను మోటారు వాహనాల చట్టంలోని 133వ సెక్షన్ యజమాని మీదే పెట్టింది. కాబట్టి ఫలానా తేదీన, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా కారు సర్వీస్ సెంటరు అధీనంలో ఉందని, నడిపిన వ్యక్తి ఎవరో తెలియదని రాసి, జాబ్ కార్డు నకలు జతచేసి, స్టేషనులో ఇచ్చి రసీదు తీసుకోండి. ఇది సివిలు తగాదా అని కేసు కట్టడానికి వెనుకాడినా, ఆ రసీదు మీ దగ్గర ఉంటే చాలు.

కూపను తీసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. దానితోపాటు సమస్య పూర్తిగా పరిష్కారమైందని రాసిన కాగితం ముందు పెడితే మాత్రం రెండూ అక్కడే వదిలి రండి. బంపరు మార్పిడి, ఇంధనం, టోలు, వాహనం విలువలో తరుగుదల, మనోవేదన, ఖర్చులు విడివిడిగా లెక్క వేసి నోటీసు ఇవ్వండి. జవాబు రాకపోతే మహబూబ్‌నగర్ జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. ఆదాయంతో సంబంధం లేకుండా మహిళలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టంలోనే ఉంది కనుక, మీరు మహిళ అయితే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడిగితే వకీలును ఇస్తారు.

ప్రశ్న: దేవరకొండ నుంచి రాస్తున్నాను. సర్వీసు నుంచి వచ్చిన కారు అల్లాయ్ చక్రం మీద గీతలు, డోరు కింద అంచున జాకీ నొక్కిన సొట్ట ఇంటికి వచ్చాక చూశాను. గేట్ పాస్ మీద సంతకం పెట్టేశాను. ఇక ఏమీ చేయలేనా?

జవాబు: సంతకం పెట్టారు కనుక పని కష్టమవుతుందే గానీ అయిపోలేదు. గేట్ పాస్ బండి బయటకు పోయిందని చెబుతుంది, బండి బాగున్నదని కాదు. జాకీ సొట్ట మీకు అనుకూలం. దారిలో పడే దెబ్బ అంచు మడత మీద అలా చదరంగా, జాకీ పెట్టే గుర్తుకు కాస్త పక్కన పడదు. ఈ రోజే ఫోటోలు తీసి, మీటరు రీడింగు కనిపించేలా మరొకటి తీసి ఈమెయిలు పంపండి. సొట్ట దగ్గర రంగు లేచి ఇనుము బయటపడితే వర్షాకాలంలో తుప్పు పట్టడం అక్కడే మొదలవుతుంది కనుక, గీతల కన్నా ముందు దానికి పట్టుబట్టండి. ఇంత మొత్తానికి కమిషన్ దాకా పోవడం నాకు సబబనిపించడం లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి తెలుగులోనే ఫిర్యాదు నమోదు చేయించండి. కంపెనీకి ఫిర్యాదు అక్కడి నుంచి చేరితే ఒక చక్రానికి రంగు వేయించడం, ఒక అంచు సరిచేయించడం వాళ్ళకు పెద్ద పని కాదు.