పెద్ద ప్రమాదం ఏదీ జరగలేదు, అయినా వర్కర్స్ కాంప్ ప్రీమియం ఎందుకు పెరిగింది?

మీరు అడిగినవి రెండు. షాపులో పెద్ద ప్రమాదమే లేనప్పుడు వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలిన ఉద్యోగుల వైద్యానికి, పోయిన జీతానికి డబ్బిచ్చే ఇన్సూరెన్స్) ప్రీమియం ఎందుకు పెరిగింది? పాలసీ ముగిశాక ఆడిట్ పేరుతో మళ్లీ బిల్లు ఎందుకు వచ్చింది? మాది అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో గ్రానైట్ కౌంటర్‌టాప్‌లు కోసి, ఇళ్లలో బిగించే చిన్న వ్యాపారం. ఈ రెండు దెబ్బలూ నాకు తగిలినవే.

ముందు లెక్క. మీరు చేసే వ్యాపారాన్ని బట్టి ఒక క్లాస్ కోడ్ ఇస్తారు. ఆ కోడ్‌కు, జీతాల్లో ప్రతి 100 డాలర్లకు ఇంత అని ఒక రేటు ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో ఎన్‌సీసీఐ అనే సంస్థ ఆ రాష్ట్రంలోని ఇన్సూరెన్స్ కంపెనీలన్నిటి క్లెయిములూ చూసి, ఏ పనికి ఎంత నష్టం వస్తోందో లెక్కకడుతుంది. దాని మీద ఒక్కో కంపెనీ తన ఖర్చులు, లాభం వేసుకుంటుంది. ఒకే పనికి ఇద్దరు ఏజెంట్లు వేర్వేరు కొటేషన్లు తేవడానికి ఇదొక ముఖ్య కారణం. ఒహాయో, వాషింగ్టన్, నార్త్ డకోటా, వయోమింగ్‌లలో మాత్రం ప్రైవేటు కంపెనీల దగ్గర ఈ పాలసీ కొనలేం, ప్రభుత్వ ఫండ్ నుంచే తీసుకోవాలి.

మీ జీతాలకు ఆ రేటు వేస్తే వచ్చిన మొత్తాన్ని మీ 'మాడ్'తో గుణిస్తారు. మీలాంటి పని చేసే మిగతా వాళ్లతో పోలిస్తే మీ దగ్గర క్లెయిములు ఎలా ఉన్నాయో చెప్పే అంకె అది. 1.00 అంటే సగటు. ఉదాహరణకు జీతాలు 2,00,000 డాలర్లు, రేటు 6 అనుకోండి, 12,000 అవుతుంది. మాడ్ 0.85 అయితే 10,200, అదే 1.25 అయితే 15,000. మరీ చిన్న వ్యాపారాలకు మాడ్ ఉండదు.

మీ ప్రీమియం పెరగడానికి కారణం ఇక్కడే ఉందని నా నమ్మకం. మాడ్ లెక్కలో ఒక పెద్ద ప్రమాదం కంటే పదే పదే జరిగే చిన్న ప్రమాదాలకే బరువు ఎక్కువ. ప్రతి క్లెయిములో మొదటి కొంత మొత్తాన్ని పూర్తిగా లెక్కలోకి తీసుకుంటారు, ఆపైన ఉన్నదాన్ని బాగా తగ్గిస్తారు. అందుకే ఒకే ఒక్క 50,000 డాలర్ల క్లెయిము కంటే 5,000 చొప్పున పది క్లెయిములు ఎక్కువ నష్టం చేస్తాయి. పైగా లెక్క పాత సంవత్సరాలది. 2025 జనవరి పాలసీ మాడ్‌లోకి వచ్చేవి 2021, 2022, 2023 పాలసీలు. 2024లో మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా అది అందులో కనబడదు.

నా అనుభవం చెబుతాను. 2021లో మా కుర్రాడు గ్రానైట్ స్లాబ్ ఎత్తుతూ నడుం పట్టేసి పడిపోయాడు. నెల తిరిగేసరికి కోలుకుని తేలికపాటి పనికి వచ్చాడు. కానీ క్లెయిము మూయలేదు. ముందుముందు ఖర్చు అవుతుందేమోనని కంపెనీ పెద్ద మొత్తం రిజర్వ్‌గా రాసిపెట్టింది. మాడ్ లెక్కలో కంపెనీ అప్పటికే చెల్లించిన డబ్బే కాదు, ఆ రిజర్వ్ కూడా చేరుతుంది. పాలసీ మొదలైన 18 నెలలకు ఉన్న అంకెలే మాడ్ లెక్క కోసం కంపెనీ పంపే రిపోర్టులో వెళ్తాయి. మాది జనవరి పాలసీ, అంటే 2022 జూలై. నేను అడ్జస్టర్‌కు (కంపెనీ తరఫున క్లెయిము చూసే ఉద్యోగికి) ఫోన్ చేసింది సెప్టెంబరులో. ఆమె వెంటనే రిజర్వ్ తగ్గించింది, కానీ ఆ మార్పు తర్వాతి ఏడాది రిపోర్టులోనే చేరింది. ఒక సంవత్సరమంతా అనవసరంగా ఎక్కువ కట్టాను. అప్పటి నుంచి ఏటా ఏప్రిల్‌లోనే ఓపెన్‌గా ఉన్న క్లెయిముల జాబితా తెప్పించుకుని, ఒక్కోదాని గురించీ అడుగుతున్నాను.

కొందరు చిన్న దెబ్బలకు జేబులోంచి డబ్బిచ్చి క్లెయిము రాకుండా చూసుకోమంటారు. దయచేసి ఆ పని చేయకండి. ఇవాళ చిన్నగా కనిపించిన వేలి గాయం రేపు చీము పడితే, రికార్డు లేని ఆ మనిషి గతేమిటి? నిజానికి చాలా రాష్ట్రాల్లో వైద్యం ఖర్చు మాత్రమే ఉన్న క్లెయిమును మాడ్‌లో 70 శాతం తగ్గించి లెక్కిస్తారు. దెబ్బ తగిలిన రోజే రిపోర్ట్ చేసి, డాక్టరు ఒప్పుకున్న తేలిక పని ఇస్తే అతని జీతమూ ఆగదు, మీకూ భారం తక్కువ.

ఇక ఆడిట్. మొదట కట్టేది అంచనా జీతాల మీద, చివర్లో అసలు జీతాలతో సరిచూస్తారు. మాకు బిల్లు రెండు చోట్ల పడింది. బిగించే పనికి పిలిచిన కాంట్రాక్టర్ దగ్గర ఇన్సూరెన్స్ సర్టిఫికెట్ తీసుకోలేదు, అతనికి ఇచ్చిన డబ్బును మా జీతాల్లో కలిపేశారు. ఆఫీసు అమ్మాయి అప్పుడప్పుడు యార్డులో స్లాబులు లెక్కపెడుతుందని, ఆమెను చౌకైన క్లరికల్ కోడ్ 8810 నుంచి తీసేసి షాపు కోడ్‌లో వేశారు. ఓవర్‌టైమ్ కూడా చూసుకోండి: గంటకు 20 డాలర్ల మనిషికి 30 ఇస్తే, పైన ఇచ్చిన 10 చాలా రాష్ట్రాల్లో లెక్కలోకి రాదు. కానీ పుస్తకాల్లో విడిగా చూపించాలి.

ఏజెంట్‌ను మాడ్ వర్క్‌షీట్ అడగండి, క్లెయిములన్నీ వరుసగా అందులో ఉంటాయి. మీ పాలసీ ఏ నెలలో మొదలవుతుందో ఇక్కడ రాస్తే, అడ్జస్టర్‌కు ఎప్పటిలోగా ఫోన్ చేయాలో లెక్కేసి చెబుతాను.