నోటీసు రాని ఇళ్ళు లెక్కపెట్టు, అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు ఫోన్లో చెప్పిందంతా విన్నాను. పామాయిల్ తోటల్లో జెండాలు పాతారనీ, ఎవరో సర్వే వాళ్ళు రెండు రోజులుగా తిరుగుతున్నారనీ, గ్యాస్ పైపులైను వస్తోందట అనీ, కుర్రాళ్ళందరూ సోమవారం రోడ్డు మీద కూర్చుంటామంటున్నారనీ. కూర్చోండి, నేను వద్దనను. కానీ "మావయ్యకి ఇవన్నీ తెలుసు" అని మీ అమ్మతో అన్నావట, అందుకని ఈ ఉత్తరం. నాకు తెలిసిందంతా ఓడిపోయి నేర్చుకున్నదేనని ముందే చెప్తున్నా. మా ఊరి మీదుగా పైపు పడకుండా మేం ఆపలేకపోయాం.

ఎందుకు ఆపలేకపోయామంటే, సిగ్గుపడాల్సిన సంగతే గానీ చెప్తాను, మేం ప్రజాభిప్రాయ సేకరణ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. ఫ్యాక్టరీ వస్తే కలెక్టరు టెంటు వేసి జనాన్ని అడుగుతాడు కదా, అలాగే పైపులైనుకీ ఓ రోజు పెడతారు, ఆ రోజు మైకు పట్టుకుని దులిపేద్దాం అనుకున్నాం. నేనైతే ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకు తిరిగాను కూడా. ఆ రోజు రానే లేదు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం గ్యాస్ పైపులైను అభయారణ్యాల్లాంటి సున్నితమైన చోట్ల నుంచి వెళ్తేనే ఆ అనుమతులూ, ప్రజాభిప్రాయ సేకరణల గొడవ. మన చేల మీదుగా వెళ్తే లేదు. ఈ సంగతి తెలిసేసరికి అభ్యంతరం చెప్పే మా గడువు దాటిపోయింది. ఆఫీసులో గుమాస్తా "టైం అయిపోయిందండి" అన్నాడు, నా మొహం కూడా చూడకుండా.

ఆ గడువు 21 రోజులు. అది ముందు బుర్రలోకి ఎక్కించుకో.

పైపులైన్లకి 1962 నాటి కేంద్ర చట్టం ఒకటుంది. దాని ప్రకారం వాళ్ళు నీ భూమి కొనరు, భూసేకరణ చెయ్యరు. భూమిలో "వాడుకునే హక్కు" మాత్రం తీసుకుంటారు. పట్టా నీ పేరునే ఉంటుంది, పన్నూ నువ్వే కడతావు. ముందు సెక్షన్ 3 కింద గెజిట్‌లో, అంటే ప్రభుత్వ ప్రకటనల పత్రికలో, నోటిఫికేషన్ ఇచ్చి సర్వే నంబర్లన్నీ వేస్తారు. అక్కడి నుంచి 21 రోజుల్లోపు, ఆ భూమిలో ఆసక్తి ఉన్న ఎవరైనా కాంపిటెంట్ అథారిటీకి కారణాలు చూపిస్తూ రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. ఆ అథారిటీగా మామూలుగా డిప్యూటీ కలెక్టరు స్థాయి ఆఫీసరుంటాడు. ఆయన నీ మాట వినాలి, లాయరుతో వెళ్ళినా వినాలి. ఆ తర్వాత సెక్షన్ 6 కింద డిక్లరేషన్ వస్తే ఇక హక్కు వాళ్ళదే. సెక్షన్ 3 నోటిఫికేషన్ వచ్చిన ఏడాదిలోపు ఆ డిక్లరేషన్ రాకపోతే పాతది రద్దవుతుంది, అందుకే తారీఖులు గోడ మీద రాసిపెట్టుకో. కాగితాలు ఊళ్ళో అంటించిన రోజు నుంచి లెక్క అని ఎవరైనా అంటే నమ్మి కూర్చోవద్దు, గెజిట్ తారీఖు నుంచే లెక్కపెట్టుకో, తొందరపడితే పోయేదేమీ లేదు.

ఇంకో మాట. చేలో దిగి సర్వే చేసే అధికారం ఆ నోటిఫికేషన్ వచ్చాకే చట్టం ఇస్తుంది. కాబట్టి రేపు ఆ జెండాల కుర్రాళ్ళు కనబడితే గొడవపడకు, "గెజిట్ కాపీ చూపించండి బాబూ" అని అడుగు. లేదంటే మర్యాదగా గట్టు దాటించు. ఆ పిల్లలు రోజుకూలీకి వచ్చినవాళ్ళు, వాళ్ళ మీద చెయ్యి వేస్తే మొదటి కేసు నీ మీదే.

ఆర్టీఐ, అదే సమాచార హక్కు దరఖాస్తు, కూడా ఈ వారమే వెయ్యాలి. జవాబుకి 30 రోజుల గడువు, నీ అభ్యంతరానికి 21 రోజులు, కాబట్టి నోటీసు వచ్చాక ఆర్టీఐ వేస్తే జవాబు వచ్చేసరికి పుణ్యకాలం కాస్తా దాటిపోతుంది. పది రూపాయల ఖర్చు. రూటు మ్యాపు అడుగు, ఇంకేవైనా రూట్లు పరిశీలించారా అని అడుగు, మీ ఊరి దగ్గర పైపు మందం ఎంత, ఏ క్లాసు కింద లెక్కగట్టారు అని అడుగు. చుట్టూ ఇళ్ళు ఎన్ని ఉంటే పైపు అంత మందంగా, అంత జాగ్రత్తగా వెయ్యాలి, అందుకు ఒకటి నుంచి నాలుగు దాకా క్లాసులున్నాయి. వాళ్ళ కాగితంలో మీ ఊరు ఖాళీ పొలంలా కనిపిస్తే ఆశ్చర్యపోకు.

అసలు సంగతి ఇక్కడుంది, అల్లుడూ. నోటీసు పాసుబుక్కు ఉన్నవాడికే వస్తుంది. చేలో పైపు పడుతుంది గానీ ఆ చేను గలాయన హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉంటాడు. గట్టు పక్కన పాకలో పడుకునేవాడికీ, పుంత మీద, అంటే పాత బండ్లదారి మీద, ఇల్లు వేసుకున్నవాడికీ, రోడ్డు మలుపులో టీ కొట్టు పెట్టుకున్నవాడికీ ఏ కాగితమూ రాదు.

మా కోనసీమలో నగరం ఊరి సంగతి నువ్వు చిన్నప్పుడు విన్నదే. 2014 జూన్ 27, తెల్లవారుజాము. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్ళే గెయిల్ పైపులైను పగిలి ఊరి మీద గ్యాస్ కమ్మేసింది. టీ కొట్టు పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో అందరూ చెప్పుకున్న మాట. ఇరవై మందికి పైగా పోయారు, నిద్రలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే. పొడి గ్యాస్ వెళ్ళాల్సిన పైపులో నీళ్ళు కలిసిన తడి గ్యాస్ పంపారనీ, లోపల తుప్పు పట్టిందనీ తర్వాత విచారణలో తేలింది. నేను తర్వాత వెళ్ళి చూశాను. కొబ్బరిచెట్లు మొవ్వు దాకా మాడి, అగ్గిపుల్లల్లా నిలబడి ఉన్నాయి. అంతకుముందు 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది, రాత్రిపూట దీపం పెట్టక్కర్లేనంత వెలుతురు. 2020లో ఉప్పూడిలో మళ్ళీ బావి లీకై ఊళ్ళు ఖాళీ చేయించారు. ఇవన్నీ చూసినవాడిని గనక నీకు ముందు చెప్పేది నష్టపరిహారం గురించి కాదు.

కాబట్టి జెండాలు పాతిన గీత పట్టుకుని నడువు. వీఆర్వో దగ్గరో సర్వేయరు దగ్గరో ఊరి మ్యాపూ, పొలం కొలతల ఎఫ్ఎంబీ కాపీలూ తీసుకో. గీతకి అటూ ఇటూ ఉన్న ప్రతి ఇల్లూ, బడీ, గుడీ, చర్చీ, అంగన్‌వాడీ, బోరూ రాయి. ఎంతమంది పడుకుంటారో కూడా రాయి. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు, తారీఖు కనబడేలా ఫోటో. ఎందుకంటే అదే చట్టంలో ఒక మంచి ముక్క ఉంది: నోటిఫికేషన్‌కి ముందు నుంచీ నివాసానికి వాడుతున్న స్థలం కింద, పక్కా కట్టడం ఉన్న స్థలం కింద, ఇంటిని ఆనుకున్న స్థలం కింద పైపు వెయ్యకూడదు. మీటరు కంటే తక్కువ లోతులో కూడా వెయ్యకూడదు. "ముందు నుంచీ" అన్నమాట నిరూపించాల్సింది నువ్వే. పట్టా లేనివాళ్ళకి ఆ కరెంటు బిల్లే దిక్కు.

ఇదేదో పల్లెటూరి ముసలాడి చాదస్తం అనుకోకు. మా అబ్బాయి ఉండే వర్జీనియాలో అట్లాంటిక్ కోస్ట్ పైపులైను అని 600 మైళ్ళది తలపెట్టారు. యూనియన్ హిల్ అని నల్లజాతి వాళ్ళు ఎక్కువగా ఉండే ఊరి దగ్గర గ్యాస్‌ని ఒత్తిడితో ముందుకు నెట్టే కంప్రెసర్ స్టేషన్ పెడతామన్నారు, అక్కడ జనం పెద్దగా లేరన్నట్టు లెక్కలు చూపించారు. ఊరివాళ్ళు ఇంటింటికీ తిరిగి తలలు లెక్కపెట్టి, ఎవరెవరు ఎన్ని తరాలుగా ఉంటున్నారో రాసుకొచ్చారు. 2020 జనవరిలో కోర్టు ఆ స్టేషన్ అనుమతి కొట్టేసింది, జులైలో కంపెనీలు ప్రాజెక్టే మానుకున్నాయి. అలాగని అక్కడ అన్నీ గెలిచారనుకోకు, ఆ పక్కనే మౌంటెన్ వ్యాలీ పైపులైను మీద ఏళ్ళ తరబడి పోరాడితే 2023లో వాళ్ళ పార్లమెంటే చట్టం చేసి దాన్ని పూర్తి చేయించింది.

మన దగ్గర ఇంకా కష్టం. తమిళనాడులో గ్యాస్ పైపులైను వద్దని ఏడు జిల్లాల రైతులు గోల పెడితే రాష్ట్ర ప్రభుత్వమే పొలాల్లో వద్దు, హైవే పక్కన వేసుకోండి అంది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు రాష్ట్రం మాట కొట్టేసింది, ఎందుకంటే ఇది కేంద్రం చట్టం. అందుకే ఎమ్మెల్యే వచ్చి "నేనున్నాను" అంటే దండ వెయ్యి, టీ ఇవ్వు, కానీ గడువు దాటనివ్వకు. కేరళలో 2017 నవంబరులో ముక్కం దగ్గర లాఠీలు విరిగాయి; కొచ్చి-మంగళూరు లైను ఆగలేదు, 2021 జనవరిలో ప్రారంభించేశారు కూడా. కానీ ఆ గొడవ వల్లే పరిహారం పెరిగింది, పది సెంట్లలోపు ఉన్నవాళ్ళకి వేరేగా సాయం ప్రకటించారు.

అందుకని మీరంతా కూర్చుని ముందు ఏం కావాలో తేల్చుకోండి. మొత్తం వద్దంటారా, రూటు మార్చమంటారా, జాగ్రత్తలు రాసిమ్మంటారా. నా ఉద్దేశం అడిగితే రూటు. "వద్దు" అని అరవడం తేలిక, "ఇళ్ళకి దూరంగా, ఫలానా కాలవ గట్టు వెంట వెయ్యండి" అని మ్యాపు మీద గీత గీసి ఇస్తే ఆఫీసరు జవాబు చెప్పక తప్పదు. మేం వద్దు అని మాత్రమే అరిచాం. మన వంటింట్లో వెలిగేదీ గ్యాసే కదా అని ఎవడో అడిగితే నోరు పెగల్లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. పంట నష్టం, చెట్ల నష్టం కాక, మార్కెట్ విలువలో పది శాతం ఇస్తారు, ఒక్కసారే. 20 మీటర్ల వెడల్పున 60 మీటర్ల పొడుగు పోయిందనుకో, దగ్గర దగ్గర 30 సెంట్లు. ఎకరం 20 లక్షలని కడితే 30 సెంట్లు 6 లక్షలు, అందులో పది శాతం అంటే 60 వేలు. దానికి బదులు ఆ 30 సెంట్లలో ఇక ఎప్పటికీ ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెరువు తవ్వకూడదు, చెట్టు వెయ్యకూడదు. వరి చేనుకి పర్లేదు. పామాయిల్‌కి? మీ ఊరికి అదే పెద్ద దెబ్బ, అభ్యంతరంలో మొదటి పేజీలో అదే రాయి. రేటు నచ్చకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్ళొచ్చు. కౌలు రైతులకి పంటసాగుదారు హక్కు పత్రాలు ఇప్పుడే తీయించు, లేకపోతే వాడి పంట తొక్కిన డబ్బు భూమి గలాయన ఖాతాలో పడుతుంది. మా దగ్గర పడింది.

ఊరు చీలడం మాత్రం తప్పించుకోలేవు, తగ్గించుకోవాలి. మా ఊళ్ళో ఒక మధ్యవర్తి రాత్రిపూట వచ్చి ముగ్గురు పెద్ద రైతులకి చెట్టుకి ఎక్కువ రేటు మాట్లాడి సంతకాలు పెట్టించుకున్నాడు. అందులో ఒకడు మా ధర్నాకి షామియానా డబ్బులిచ్చినవాడే! ఇప్పటికీ పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటాం. కాబట్టి రేటు ఎంతొస్తే అంత అందరి ముందూ చెప్పాలని గుడి దగ్గర ఒప్పందం చేసుకోండి, ఖాళీ కాగితం మీద ఎవరూ సంతకం పెట్టొద్దని చెప్పండి, ముఖ్యంగా ముసలాళ్ళకి.

సోమవారం రోడ్డు మీద కూర్చుంటే తాసిల్దారు దగ్గర బైండోవర్లు చేస్తారు, అంటే గొడవ చెయ్యమని పూచీ రాయించుకుంటారు; గుంపులు కూడొద్దని ఆంక్షలూ పెట్టొచ్చు, ఆ పాత 144కి ఇప్పుడు సెక్షన్ 163 అని పేరు. పాస్‌పోర్టు, ఉద్యోగం టెన్షన్ ఉన్న కుర్రాళ్ళని వెనక నిలబెట్టు, నాలాంటి వాళ్ళని ముందు కూర్చోబెట్టు, మాకు పోయేదేముంది. ఎవడైనా తాగొచ్చి, ఇప్పటికే ఉన్న పైపు మీదో వాల్వు మీదో రాయి వేస్తానంటే వాణ్ణి ఇంటికి పంపేయ్. పైపుకి నష్టం చేస్తే శిక్షలు చాలా కఠినం, పైగా చచ్చేది మనమే.

ఒకవేళ పైపు పడిపోతే కూడా పని అయిపోయినట్టు కాదు. దూరం వెళ్ళే లైన్లలో గ్యాస్‌కి మామూలుగా సిలిండర్ వాసన ఉండదు. చేలో నీళ్ళల్లో బుడగలు, ఉన్నట్టుండి ఎండిపోయిన గడ్డి, బుస్సుమనే చప్పుడు, అవి చూడాలి. వాల్వు ఎక్కడుంది, ఎవరు కట్టేస్తారు, రాత్రి ఏ నంబరుకి చెయ్యాలి, మాక్ డ్రిల్లు ఎప్పుడు పెడతారు అన్నవి రాతపూర్వకంగా అడిగి పంచాయతీ గోడ మీద రాయించు.

నేను ఆదివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. మీ అత్తకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు, మోకాళ్ళ నొప్పులని గోల పెడుతుంది. పొడుగాటి టేపు ఒకటి సంపాదించు, ఎండెక్కకముందే పుంత మీది ఇళ్ళ దగ్గర మొదలుపెడదాం. వాళ్ళని కరెంటు బిల్లులు తీసి ఉంచమను.

మీ మావయ్య