ఎడమ కిడ్నీ కనిపించడం లేదు.. ఎవరైనా తీసేశారా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. ఏడాదిగా మూత్రం పోస్తుంటే మంట, వీర్యం పడేటప్పుడు లోపల పొడిచినట్టు నొప్పి. అల్ట్రాసౌండ్ తీయిస్తే ఎడమ కిడ్నీ కనిపించడం లేదని, మూత్రాశయం వెనక ఎడమవైపు 4 సెంటీమీటర్ల నీటితిత్తి ఉందని రాశారు. చిన్నప్పుడు ఎడమ గజ్జల్లో హెర్నియా ఆపరేషన్ అయింది. అప్పుడే కిడ్నీ తీసేసి ఉంటారని ఇంట్లో గొడవ. రెండు నెలల్లో పెళ్లి. పిల్లలు పుడతారా? ఒకటే టెన్షన్. - ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందు ఆ ఆపరేషన్ చేసిన డాక్టరును అనుమానించడం ఆపండి. గజ్జల్లో పెట్టే ఆ చిన్న కోతలోంచి కిడ్నీ తీయరు. పైగా మీ రిపోర్టులోనే అసలు ఆధారం ఉంది. కిడ్నీ లేనిదీ ఎడమవైపే, తిత్తి ఉన్నదీ ఎడమవైపే.

మగపిల్లల్లో కిడ్నీకి మొలక వేసేదీ, వీర్యకోశంగా (మూత్రాశయం వెనక ఉండే, వీర్యంలో కలిసే ద్రవం ఊరే సంచి) మారేదీ తల్లి కడుపులో ఉన్నప్పుడు ఒకే నాళం. మొదటి మూడు నెలల్లో అది ఒకవైపు సరిగ్గా ఎదగకపోతే ఆ వైపు కిడ్నీ తయారవదు, వీర్యం బయటికొచ్చే దారీ మూసుకుపోతుంది. యుక్తవయసు వచ్చాక వీర్యకోశంలో ఊరే ద్రవానికి దారి లేక అది తిత్తిలా ఉబ్బుతుంది. అందుకే ఇన్నేళ్లూ మీకు ఏమీ తెలియలేదు. దీన్ని 1914లో వివరించిన డాక్టరు పేరుమీద జిన్నర్ సిండ్రోమ్ అంటారు. మీది అదే అయ్యుంటుందని నా అంచనా.

ఖాయం చేసుకోవడానికి పొట్ట, పొత్తికడుపు ఎమ్మారై తీయించండి. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే మూత్రనాళం దారి తప్పి ఉబ్బినా అల్ట్రాసౌండ్‌లో ఇలాగే కనిపిస్తుంది. ఎమ్మారైలో తిత్తి వీర్యకోశంలోంచే వచ్చిందా, లోపల ఉన్నది నీరా, పాత రక్తమా, గోడకు గడ్డలాంటిదేమైనా ఉందా అన్నది తేలుతుంది. ఇలాంటి తిత్తిలో క్యాన్సర్ చాలా అరుదు, అయినా గోడ చూడాల్సిందే. ముడుచుకుపోయిన చిన్న కిడ్నీ ఎక్కడైనా దాక్కుందేమో కూడా చూస్తారు.

మీ ఇంట్లోవాళ్ల కోసం ఇంకో మాట. కిడ్నీ మీద టోపీలా అడ్రినల్ గ్రంథి ఉంటుంది. పుట్టుకతోనే కిడ్నీ లేనివాళ్లలో అది మడత పడకుండా రిబ్బనులా చదునుగా పడుకుని ఉంటుంది. కిడ్నీ పెరిగాక తీసేస్తే దాని ఆకారం అలా మారదు. ఎడమ అడ్రినల్ ఎలా ఉందో రాయమని రేడియాలజిస్టును అడగండి. గొడవ అక్కడే తేలిపోవచ్చు.

నొప్పి లేని తిత్తిని మేం ముట్టుకోం. మీకు నొప్పీ మంటా ఉన్నాయి కాబట్టి మూత్ర పరీక్ష చేసి, ఇన్ఫెక్షన్ ఉంటే ముందు మందులు. తిత్తిలోని నీటిని సూదితో లాగేస్తే తాత్కాలికంగా హాయిగా ఉంటుంది గానీ చాలామందిలో మళ్లీ నిండుతుంది. బాధ తగ్గకపోతే ల్యాప్రోస్కోపీతోనో రోబోతోనో తీసేస్తారు.

పిల్లల సంగతి చెప్పాల్సింది వీర్య పరీక్ష. కుడివైపు దారి బాగుంటే సహజంగానే తండ్రి కావచ్చు. 2 నుంచి 7 రోజులు విరామం ఇచ్చి, పెళ్లికి ముందే చేయించుకోండి. విషయం అమ్మాయికీ చెప్పండి, తర్వాత తెలిస్తే ఇంకో గొడవ.

ఒక్క కిడ్నీతో నిండు జీవితం గడపొచ్చు. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ చూపించుకోండి. నొప్పి మాత్రలు సొంతంగా కొని మింగొద్దు. చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా ఎమ్మారై తేదీ కోసం చూడకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.