గుంట కాడ బోర్డు పిచ్చి లెక్కలు చూపిస్తోంది, సెన్సార్ మార్చాలా?

ప్రశ్న: సార్, మాది ఇందుకూరుపేట పక్కన, రొయ్యల గుంటలున్నాయి. ఎస్‌టీఎం32 బ్లూపిల్ అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకి ఆర్‌ఎస్‌485 కేబుల్ లైన్ మీద డీవో సెన్సార్ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) కలిపి, ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగితే ఏరియేటర్ (నీళ్లకి గాలి పట్టించే మోటార్) రిలే మీద ఆన్ అయ్యేట్టు చేశా. ఇంట్లో పెడితే ఎన్ని రోజులైనా బానే ఉంటది, గుంట కాడ మాత్రం మోటార్ పడేటప్పుడే రిలే టైమర్ ఏదో పిచ్చి నెంబరు అయిపోద్ది, ఒక్కోసారి బోర్డే బిగుసుకుపోద్ది. ఏందా అని కోడ్‌లో ప్రింట్ఎఫ్ (విలువలు బయటికి చూపించే లైను) పెట్టి చూస్తే అసలు సమస్యే రాదు! కోడ్ పంపిస్తున్నా, చూడండి సార్.

జవాబు: సెన్సార్ని ఏమీ అనబాకండి, అది బానే ఉంది. మీ కోడ్‌లో సెన్సార్ జవాబు పట్టే 9 బైట్ల బఫర్ని ఫంక్షన్ లోపలే లోకల్‌గా పెట్టి, దాని అడ్రస్ డీఎంఏకి (సీపీయూతో పనిలేకుండా వచ్చిన బైట్లని నేరుగా మెమరీలో రాసే భాగం) ఇచ్చి, 100 మిల్లీసెకన్లు చూసి జవాబు రాకపోతే రిటర్న్ అయిపోతున్నారు. తంటా అంతా అక్కడుంది. ఫంక్షన్ పోయింది గానీ డీఎంఏ పోలేదు కదా, దానికి మీ టైమ్‌అవుట్ సంగతి తెలీదు, 9 అన్నారు, 9 నిండేదాకా అదే అడ్రస్‌లో రాస్తానే ఉంటది, తూము మూయకుండా ఇంటికి పోతే నీళ్లు ఆగుతాయా.

సెకనుకు 9600 బిట్ల స్పీడ్‌లో 9 బైట్లకి సుమారు 10 మిల్లీసెకన్లు చాలు, అందుకే ఇంట్లో ఎప్పుడూ కౌంట్ నిండిపోతది. గుంట కాడ మోటార్ ఆన్ చేసే కాంటాక్టర్ స్విచ్ పడినప్పుడు లైన్లో నాయిస్ వచ్చి రెండు బైట్లు ఎగిరిపోయాయనుకోండి, డీఎంఏ ఇంకా రెండు రావాలని కాచుకోని ఉంటది, ఈలోగా ఆ స్టాక్ జాగా (ఫంక్షన్లు లోకల్ డేటా పెట్టుకునే మెమరీ) వేరే ఫంక్షన్‌కి పోయింది, తర్వాత ఏ చెత్త బైట్ వచ్చినా నేరుగా వాళ్ల నెత్తిన పడతది. టైమర్ మీద పడితే పిచ్చి నెంబరు, రిటర్న్ అడ్రస్ మీద పడితే హార్డ్‌ఫాల్ట్, అంటే బోర్డు బిగుసుకుపోద్ది. ప్రింట్ఎఫ్ పెడితే స్టాక్ అమరిక మారి దెబ్బ ఎవరికీ పట్టని చోట తగులుద్ది, అంతేగానీ బాగుపడినట్టు కాదు.

డీబగ్గర్‌లో వాచ్‌పాయింట్ (ఫలానా మెమరీలో ఎవరైనా రాస్తే ఆపే గురుతు) పెట్టి పట్టుకుందాం అనుకుంటారేమో, దొరకదు. మీ బోర్డులోని కార్టెక్స్ ఎం3 ప్రాసెసర్‌లో అది సీపీయూ రాసేవే చూస్తది, డీఎంఏ రాసేది దాని కంట పడదు, ఈ సంగతి తెలీక తలలు బాదుకునేవాళ్లు చాలామంది. దానికన్నా రిటర్న్‌కి ముందు డీఎంఏలో మిగిలిన కౌంట్ చదివి, సున్నా కాకపోతే ఎల్‌ఈడీ వెలిగించండి.

బఫర్ని స్టాటిక్ చేయండి (ఫంక్షన్ అయిపోయినా దాని జాగా దానికే ఉంటది), టైమ్‌అవుట్ అయితే ముందు డీఎంఏ ఛానెల్ ఆపి అప్పుడు బయటికి రండి. స్టాటిక్ ఒక్కటే చేసి వదిలేస్తే మెమరీ పాడవదు గానీ పాత బైట్లు కొత్త జవాబులో కలిసి సీఆర్‌సీ (జవాబు సరిగ్గా వచ్చిందో చూసే లెక్క) తప్పుతా ఉంటది. కేబుల్ రెండు చివర్లా 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఇంకోటి, మీరు అడగలా గానీ చెప్తా. ఏరియేటర్ కాంటాక్టర్‌కి వైర్ రిలే ఎన్‌సీ పాయింట్ (రిలే వదిలేసినప్పుడు కలిసుండేది) నుంచి ఇచ్చి, కోడ్‌లో రిలే ఆన్, ఆఫ్ తిరగేసి, వాచ్‌డాగ్ (కోడ్ ఆగిపోతే బోర్డుని రీసెట్ చేసే టైమర్) ఆన్ చేయండి. బోర్డు బిగుసుకున్నా రీసెట్ అయ్యి రిలే వదిలేస్తది, తెల్లవారుజామున డీవో బాగా పడిపోయే టైంలో ఏరియేటర్ తిరుగుతానే ఉంటది, కరెంటు బిల్లు కాస్త ఎక్కువొస్తే వచ్చింది.