వాంపైర్ వీకెండ్: పదహారేళ్ళు, ఐదు ఆల్బమ్‌లు, మీ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైగా ఒకే బ్యాండ్ మీద ఉన్నాయి. అందుకే మిగతావన్నీ వచ్చే సంచికకి పక్కన పెట్టి పేజీ మొత్తం వాళ్ళకే ఇచ్చేస్తున్నా. నాకు ప్రాణమైన బ్యాండ్ కాబట్టి జవాబులు కొన్ని చోట్ల పొడుగైపోయాయి, ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: 'ఎ-పంక్' అనే పాట విని వారమైంది, ఇంకా నోట్లోంచి పోవట్లేదు. పేరు చూస్తే దెయ్యాల బ్యాండ్‌లా ఉంది, పాటేమో ఇంత హుషారుగా ఉంది. వీళ్ళెవరండీ?

జవాబు: ఆ పాట రెండు నిమిషాల పైన కొన్ని సెకన్లే ఉంటుందండి, ఇంకాస్త ఉంటే బాగుండు అనుకునేలోపే అయిపోతుంది, అందుకే మళ్ళీ పెట్టుకుంటాం.

వీళ్ళు న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీలో చదువుకుంటూ కలిసిన నలుగురు. పాడేది, గిటార్ వాయించేది ఎజ్రా కోనిగ్. కీబోర్డు రోస్టమ్ బాట్‌మంగ్లిజ్, కానీ కీబోర్డు అంటే చాలా తక్కువ చెప్పినట్టు, రికార్డింగ్ దగ్గర అసలు బుర్ర ఆయనదే, ఈ మాట గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ వస్తుంది. డ్రమ్స్ క్రిస్ టామ్సన్, బేస్ క్రిస్ బేయో. 2006లో మొదలైంది బ్యాండ్. ఆ పేరు ఎజ్రా కాలేజీలో ఉండగా సెలవుల్లో తీయడం మొదలెట్టి మధ్యలో వదిలేసిన ఓ చిన్న సినిమాది. అందులో వాల్కాట్ అనే కుర్రాడు, అమెరికా మీదకి వాంపైర్లు వచ్చేస్తున్నాయని మేయర్‌కి చెప్పడానికి కేప్ కాడ్ వెళ్తాడు. సినిమా పోయింది కానీ వాల్కాట్ మిగిలాడు, మొదటి ఆల్బమ్‌లో అతని పేరు మీదే ఒక పాట ఉంది.

ఆ మొదటి ఆల్బమ్ చదువు అయిపోయాక ఉద్యోగాలు చేసుకుంటూ చేశారు. ఎజ్రా అప్పుడు బ్రూక్లిన్‌లో గవర్నమెంట్ స్కూల్లో ఇంగ్లిష్ టీచరు. పగలంతా పిల్లలకి పాఠాలు చెప్పి, మిగిలిన టైంలో అపార్ట్‌మెంట్లో, బేస్‌మెంట్లో, ఒక పాత కొట్టంలో, ఎక్కడ కుదిరితే అక్కడ రికార్డు చేసుకున్నారు, దాన్ని రోస్టమ్ కూర్చుని ఒక రూపానికి తెచ్చాడు. 2007లో మ్యూజిక్ బ్లాగుల్లో పాటలు పాకిపోయాయి, 2008 జనవరిలో ఎక్స్ఎల్ రికార్డింగ్స్ వాళ్ళు ఆల్బమ్ విడుదల చేశారు. ఆల్బమ్ రాకముందే స్పిన్ పత్రిక కవర్ కోసం ఫోటోలు తీసేశారు వీళ్ళని. అంత తొందరగా అంత పేరు వస్తే మామూలుగా రెండో ఆల్బమ్‌కి బ్యాండ్ పని అయిపోతుంది. వీళ్ళకి అవ్వలేదు.

ప్రశ్న: వాళ్ళ గిటార్ అచ్చం ఆఫ్రికా సంగీతంలా ఉంటుంది. డబ్బున్న కాలేజీ కుర్రాళ్ళు వేరేవాళ్ళ సొత్తు ఎత్తుకొచ్చి పేరు కొట్టేశారని చదివాను. నిజమేనా?

జవాబు: అప్పు చేసిన మాట నిజం. దాచారన్నది మాత్రం నిజం కాదు.

కాంగోలో సూకూస్ అని ఒక సంగీతం ఉంది. అందులో గిటార్‌కి డిస్టార్షన్, అంటే ఆ గీరినట్టుండే గరగర, ఉండదు, సన్నగా తేటగా పై తీగల మీద పరిగెడుతుంది, ఒక గిటార్ అంటే ఇంకో గిటార్ అందుకుంటుంది, కాళ్ళు వాటంతటవే కదులుతాయి. వీళ్ళ మొదటి ఆల్బమ్‌లో గిటార్ ఎక్కువగా నేర్చుకున్నది అక్కడే. అసలు ఒక పాట పేరే 'కేప్ కాడ్ క్వాసా క్వాసా'. క్వాసా క్వాసా అంటే కాంగో డాన్సు, కేప్ కాడ్ అంటే మసాచుసెట్స్‌లో బాగా ఉన్నవాళ్ళు వేసవికి వెళ్ళే సముద్రతీరం. ఆ రెండూ పక్కపక్కన పెట్టారంటే, మనం ఎక్కడ కూర్చుని ఎవరి సంగీతం వింటున్నామో మాకు తెలుసు అని వాళ్ళే ముందు చెప్పేశారన్నమాట. అదే పాటలో ఇంగ్లండ్ గాయకుడు పీటర్ గేబ్రియల్ పేరు కూడా వస్తుంది, ఆయనా ఆఫ్రికా సంగీతాన్ని వెస్ట్‌కి తెచ్చినవాళ్ళలో ఒకడు కదా, ఆయన తర్వాత హాట్ చిప్ అనే ఇంగ్లండ్ బ్యాండ్‌తో కలిసి అదే పాట పాడాడు కూడా.

పోలో షర్టులు, పడవ బూట్లు వేసుకుని స్టేజీ ఎక్కేవాళ్ళు కాబట్టి అందరినీ ఒకే గాటన కట్టేశారు అప్పట్లో. రోస్టమ్ అమ్మానాన్నలు ఇరాన్ నుంచి వచ్చినవాళ్ళు, ఆ సంగతి ఆ విమర్శలు రాసినవాళ్ళకి చాలామందికి పట్టలేదు. కానీ విమర్శలో ఒక ముక్క న్యాయమైనదే, ఆ గిటార్ పుట్టించినవాళ్ళకి న్యూయార్క్ పత్రికల కవర్లు దక్కలేదు. 1986లో అమెరికా గాయకుడు పాల్ సైమన్ సౌతాఫ్రికా సంగీతకారులతో 'గ్రేస్‌లాండ్' ఆల్బమ్ చేసినప్పుడు కూడా ఇదే గొడవ, ఇంతకంటే పెద్ద గొడవ. నా మాట వింటే వాంపైర్ వీకెండ్ నచ్చినవాళ్ళు వెనక్కి వెళ్ళి కాంగో గిటార్ మహానుభావుడు ఫ్రాంకోని, ఆయన టీపీ ఓకే జాజ్ బ్యాండ్‌ని వినండి. అది విన్నాక వీళ్ళ పాట చిన్నదవ్వదు, ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసి ఇంకా బాగా వినిపిస్తుంది.

ప్రశ్న: రెండో ఆల్బమ్ 'కాంట్రా' గురించి ఎవరూ మాట్లాడరెందుకు?

జవాబు: రెండు పెద్ద ఆల్బమ్‌ల మధ్య ఇరుక్కుపోయింది పాపం. 2010 జనవరిలో వచ్చి, అమెరికాలో ఆల్బమ్‌ల ర్యాంకులు ఇచ్చే బిల్‌బోర్డ్ 200లో మొదటి వారమే నంబర్ వన్ అయింది. గొంతుని మెషీన్‌తో మార్చే ఆటోట్యూన్, ఎలక్ట్రానిక్ బీట్లు, ఒక పాటలో ఎం.ఐ.ఏ. అనే గాయని పాటలోంచి తీసుకున్న ముక్క, ఇలా మొదటి ఆల్బమ్‌లో లేని చాలా సరుకు ఉంది. కవర్ మీది పాత ఫోటోలో ఉన్నావిడ నన్ను అడక్కుండా వాడారని కేసు వేసింది, అది తర్వాత సెటిల్ అయింది. చివరి పాట 'ఐ థింక్ యు ఆర్ ఎ కాంట్రా' తప్పకుండా వినండి, ఈ బ్యాండ్‌కి తర్వాత రాబోయే కొత్త గొంతు మొదటిసారి వినపడేది అక్కడే.

ప్రశ్న: మా అన్నయ్య మూడో ఆల్బమే గొప్పదంటాడు. రెండుసార్లు విన్నా, నాకు డల్‌గా ఉంది. అందులో ఏం వినాలి?

జవాబు: మీ అన్నయ్య కరెక్టే, కానీ మీరు చెప్పేదీ అర్థమైంది, గెంతుతూ వచ్చినవాళ్ళకి ఇక్కడ గెంతడానికి చోటు తక్కువ.

2013 మేలో వచ్చింది 'మోడర్న్ వాంపైర్స్ ఆఫ్ ది సిటీ'. కవర్ చూడండి ముందు, 1966లో న్యూయార్క్‌ని కమ్మేసిన కాలుష్యపు పొగ ఫోటో, నీల్ బోయెంజీ తీసింది, ఆకాశహర్మ్యాల తలలు మాత్రమే పైకి తేలి ఉంటాయి. ఆల్బమంతా ఆ ఫోటోలాగే ఉంటుంది. మొదటి ఆల్బమ్‌లో కాలేజీ ప్రేమలు, కామా ఎక్కడ పెట్టాలన్న తగువులు ('ఆక్స్‌ఫర్డ్ కామా' అని నిజంగానే ఒక పాట ఉంది). ఇక్కడికొచ్చేసరికి చావు, దేవుడు, వయసు. 'డయాన్ యంగ్' అని అమ్మాయి పేరులా ఉంటుంది, గట్టిగా పైకి అనండి, 'డైయింగ్ యంగ్', చిన్న వయసులో చచ్చిపోవడం అని వినపడుతుంది. 'యా హే'లో ఎజ్రా దేవుడితో నేరుగా మాట్లాడతాడు, ఎవరూ నిన్ను ప్రేమించట్లేదు కదా అని జాలిపడుతూ. ముప్పైకి దగ్గరపడుతున్న కుర్రాడికి రాత్రి నిద్రపట్టనప్పుడు వచ్చే ఆలోచనలివి.

మీరు చెయ్యాల్సింది ఒక్కటే, 'హానా హంట్' పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కరే వినండి. ఒక జంట అమెరికా ఒక చివర నుంచి ఇంకో చివరకి ప్రయాణం చేస్తుంటారు, మధ్యలో ఎక్కడో నమ్మకం పోతుంది. రెండున్నర నిమిషాలు దాటేదాకా ఏమీ జరగదు, దాదాపు గుసగుసే. అప్పుడు ఒక్కసారిగా డ్రమ్స్, పియానో మీద పడిపోతాయి, అంతసేపూ పళ్ళ బిగువున పట్టుకున్నది ఎజ్రా గొంతులోంచి తెగి బయటికొస్తుంది. నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను, ఇప్పటికీ ఆ చోటు వచ్చేముందు ఊపిరి బిగబడుతుంది. ఆ నిశ్శబ్దం లేకపోతే ఆ అరుపుకి విలువ లేదు. ఆల్బమ్ డల్‌గా ఉందని మీకనిపించిన చోట్లన్నీ ఇలాంటి నిశ్శబ్దాలే. 2014లో బెస్ట్ ఆల్టర్నేటివ్ ఆల్బమ్ గ్రామీ దీనికే వచ్చింది.

ప్రశ్న: రోస్టమ్ వెళ్ళిపోయాక బ్యాండ్ పాడైపోయిందని ఫ్యాన్స్ అంటారు. ఒప్పుకుంటారా?

జవాబు: ఒప్పుకోను. 2016 జనవరిలో వెళ్ళాడు, సొంత పాటలు, వేరేవాళ్ళ ప్రొడక్షన్ చేసుకోవాలని. మంచి పనే చేశాడు, క్లైరో అనే గాయని ఆల్బమ్ 'ఇమ్యూనిటీ', ముగ్గురు అక్కచెల్లెళ్ళ బ్యాండ్ హైమ్ మూడో ఆల్బమ్ వింటే ఆయన చెయ్యి తెలుస్తుంది. ఆయన ఉన్నప్పుడు ప్రతి పాట చిన్న నగలా ఉండేది, రాయి ఇటు జరిపితే ఊరుకోడు. ఆయన లేకుండా 2019లో వచ్చిన 'ఫాదర్ ఆఫ్ ది బ్రైడ్'లో 18 పాటలు, తలుపులన్నీ తెరిచేసిన ఇల్లులా ఉంటుంది, హైమ్ అక్కచెల్లెళ్ళలో డానియల్ వచ్చి పాడుతుంది, గిటారిస్టు స్టీవ్ లేసీ వస్తాడు, 1980ల్లో జపాన్‌లో మూజీ దుకాణాల కోసం అక్కడి సంగీతకారుడు హోసోనో చేసిన సంగీతం ముక్క ఒక పాటలో వినపడుతుంది. 18లో నాలుగైదు తీసేస్తే ఇంకా గట్టి ఆల్బమ్ అయ్యేదని నా అభిప్రాయం. కానీ ఆ వదులుతనం లేకపోతే 'హార్మనీ హాల్' పుట్టేది కాదు. 2013 ఆల్బమ్‌లో 'ఫింగర్ బ్యాక్' అనే పాటలో పరుగులో చెప్పేసి వెళ్ళిన ఒక లైన్ ఉంది, ఇలా బతకాలని లేదు, అలాగని చావాలనీ లేదు అనే అర్థంలో. ఆరేళ్ళ తర్వాత ఎజ్రా అదే లైన్ తీసుకొచ్చి 'హార్మనీ హాల్'కి పల్లవి చేశాడు, ఈసారి ఎండలో నిలబడి పాడుతున్నట్టుంటుంది. మాటలవే, మనిషి పెద్దవాడయ్యాడు. తెగిపోయారనుకోవద్దు, ఆ పాటలోనూ రోస్టమ్ చెయ్యి ఉంది.

ప్రశ్న: 2019లో సోనీ వాళ్ళ కొలంబియా రికార్డ్స్‌కి వెళ్ళిపోయారు కదా, ఇంకా ఇండీ (పెద్ద కంపెనీల చేతిలో లేని బ్యాండ్) అని ఎలా అంటారు?

జవాబు: లేబుల్ లెక్కన అయితే అనకూడదు, మొదటి మూడు ఆల్బమ్‌లే ఇండీ. నేను మాత్రం తేదీలు చూస్తా. 2008, 2010, 2013, 2019, 2024. వరసగా మూడు నంబర్ వన్ ఆల్బమ్‌లు ఇచ్చిన బ్యాండ్ ఒకసారి ఆరేళ్ళు, ఇంకోసారి ఐదేళ్ళు కనపడకుండా పోయింది, ఏడాదికోటి దింపమని వెనకాల తరిమేవాళ్ళు ఉంటే ఇది కుదరదు. పాట తయారైనప్పుడే బయటికి వస్తుంది, ఆ హక్కు చేతిలో ఉన్నంతకాలం ఏ లేబుల్ అయితే ఏంటి నాకు.

ప్రశ్న: కొత్త ఆల్బమ్‌లో ఇంత చప్పుడేంటండీ? గిటార్లు గీరుతున్నట్టున్నాయి.

జవాబు: 2024 ఏప్రిల్‌లో వచ్చిన 'ఓన్లీ గాడ్ వజ్ అబవ్ అస్' గురించే కదా. నిజమే, తేటగా మోగే గిటార్‌తో పేరు తెచ్చుకున్నవాళ్ళు డిస్టార్షన్ నిండా పోశారు, కానీ కింద ఆ పాత రాగాలు అలాగే ఉన్నాయి, పియానో కూడా, తుప్పు పట్టిన ఇనుము కింద వెండిలాగా. కవర్ మీద ఉన్నది 1988లో స్టీవెన్ సీగెల్ తీసిన ఫోటో, పాడైపోయిన న్యూయార్క్ సబ్‌వే పెట్టెలో ఒకతను పేపర్ చదువుతుంటాడు. గాల్లో ఉండగా విమానం పైకప్పు ఎగిరిపోయిన ప్రమాదం వార్త అది, ఆల్బమ్ పేరు ఆ హెడ్‌లైనే. చివరి పాట 'హోప్' ఎనిమిది నిమిషాల దాకా ఉంటుంది, ఒక్కో అన్యాయం లెక్కపెడుతూ, ఇక వదిలెయ్యి అంటూ వెళ్తుంది. ఈసారి నంబర్ వన్ కాలేదు. అయినా మూడోదాని పక్కన పెట్టగలిగింది నాకు ఇదొక్కటే. 'ది సర్ఫర్' పాట దగ్గర రచయితల పేర్లు చూడండి, రోస్టమ్ ఉన్నాడు.

ఆల్బమ్ వచ్చిన మూడో రోజు, ఏప్రిల్ 8న, టెక్సస్‌లోని ఆస్టిన్‌లో పట్టపగలు కచేరీ పెట్టారు, ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం ఆ ఊరి మీదుగానే పోయింది. ఎజ్రాకి సరిగ్గా ఆ రోజే 40 ఏళ్ళు నిండాయి.